ఉల్లి చేసిన మేలు

ఒక ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో ఒక క్యూఆర్ కోడ్ వెలిసింది. దాని కింద ఒకే ముక్క: నిజం ఇక్కడుంది. మియాపూర్ లిఫ్టు గోడల మీద సాధారణంగా కర్రీ పాయింట్లు, హాస్టళ్లు, ఇల్లు మార్చే లారీలు ఉంటాయి గానీ నిజం ఉండదు. కాబట్టి మూడో అంతస్తు పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని ఫోను పెట్టారు. సైటు తెరుచుకోవడం లేదని ఫోను చెప్పింది. ఇంకోసారి పెట్టారు. అదే మాట. "నిజం కదా, ఓ పట్టాన తెరుచుకోదులే" అని తన బటన్ నొక్కుకున్నారు.

ఆ నిజం కర్త ఎవరో నాకు తెలుసు. మా పక్క ఫ్లాట్ కుర్రాడు. పగలు హైటెక్ సిటీలో ఉద్యోగం, రాత్రి వాక్ స్వాతంత్ర్యం. వేసవిలో నీళ్ల ట్యాంకర్ల లెక్క తేడాగా ఉందని వీడు మా వాట్సాప్ గ్రూపులో అడిగాడు. పది నిమిషాల్లో సంఘం ప్రెసిడెంటుగారు గ్రూపు సెట్టింగు మార్చేశారు. అడ్మిన్లు తప్ప ఎవరూ రాయకూడదు. మా బ్లాకు పత్రికా చట్టం అంతే, ఒక్క బటను.

దాంతో కుర్రాడు భీష్మ ప్రతిజ్ఞ చేశాడు. "అంకుల్, ఈ సైటుని బ్రహ్మదేవుడు కూడా మూయించలేడు. నడిపేది ఎవరో ఆయనకి కూడా తెలీదు."

ఎలాగరా అన్నాను. ఉల్లిపాయ అన్నాడు. టార్ అని ఒక వ్యవస్థ ఉందిట. 1990ల్లో అమెరికా నావికాదళ పరిశోధనశాలలో మొలకెత్తింది. ఉత్తరాన్ని పొరలు పొరలుగా చుట్టి, చేతులు మార్చుకుంటూ పంపిస్తారు. ఏ చేయీ మొత్తం దారి ఎరగదు. అక్కడ సైటు పెడితే చిరునామా చివర 'డాట్ ఆనియన్' అని ఉంటుంది, దానికి ముందు 56 అక్షరాలు. సరిగ్గా మన చిన్ననాటి వర్ణమాలంత! ఉల్లి చేసిన మేలు తల్లి కూడా చేయదన్న మాట సాంబారు గురించి కాదని నాకు అప్పుడే తెలిసింది.

తెరవాలంటే దానికి వేరే బ్రౌజరు కావాలి. మా బ్లాకులో నలభై ఎనిమిది ఫ్లాట్లుంటే ఆ బ్రౌజరు ఉన్న ఫోను ఒక్కటే, అది వాడిదే. సైటుని నిషేధించాలన్నా ముందు ఎవరో ఒకరు చదవాలి కదా. ఎవరూ చదవలేని సైటుని ఎవరూ మూయించలేరు, ఆ మేరకు మావాడి మాట నిజమే.

ఇక అజ్ఞాతం సంగతి. డబ్బు జాడ దొరక్కూడదని సర్వరు అద్దె క్రిప్టోలో కట్టాడు. ఆ క్రిప్టో కొన్నది మన దేశపు ఎక్స్‌ఛేంజీలో, పాన్ కార్డు, ఆధార్ కార్డు ఇచ్చి, కెమెరా ముందు తల అటూ ఇటూ తిప్పి. 2022 జులై నుంచి అలాంటి లావాదేవీల మీద ఒక శాతం టీడీఎస్ ఉంది. అజ్ఞాతవాసానికి టీడీఎస్ కట్టి వెళ్లినవాళ్లు విరాటపర్వంలో కూడా కనిపించరు.

వీపీఎన్ కూడా ఉందన్నాడు. 2022 ఏప్రిల్ 28న కేంద్రం వారి సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఒక ఆదేశం ఇచ్చింది. వీపీఎన్ అమ్మేవాళ్లు ఖాతాదార్ల పేర్లు, చిరునామాలు, ఫోను నంబర్లు అయిదేళ్లు దాచాలి. అది చూసి పేరున్న కంపెనీలు కొన్ని ఇక్కడి సర్వర్లు ఎత్తేశాయి. ఎత్తేయని ఒక చవకరకం కంపెనీని మావాడు వెతికి పట్టుకున్నాడు. ఆఫర్ ఉందట.

వాడు దొరికింది మాత్రం వీటిలో ఎక్కడా కాదు, ఆల్విన్ చౌరస్తా దగ్గర జిరాక్స్ షాపులో. క్యూఆర్ కోడ్ ప్రింటు తీయించడానికి పీడీఎఫ్‌ని షాపాయనకి వాట్సాప్ చేశాడు, తన నంబరు నుంచే. ఫైలు పేరులో తన పేరు, పక్కన ఫ్లాటు నంబరు, దాని పక్కన 'ఫైనల్ ఫైనల్'. షాపాయన కలుపుగోలు మనిషి. మెయింటెనెన్స్ రసీదులు ప్రింటు తీయించుకోడానికి వచ్చిన ప్రెసిడెంటుగారితో "మీ బిల్డింగు బాబుదే, బాగా చేశాడు సార్" అని మెచ్చుకున్నాడట.

నవ్వకండి. వీడి కన్నా ఎన్నో రెట్లు తెలివైనవాళ్లు ఇలాగే దొరికారు. సిల్క్ రోడ్ అని ఇదే ఉల్లిపొరల కింద మత్తుమందుల సంత నడిపిన రాస్ ఉల్‌బ్రిక్ట్, మొదట్లో మనుషుల కోసం ఇచ్చిన ప్రకటనలో తన సొంత పేరున్న జీమెయిల్ ఇచ్చాడు. 2013 అక్టోబరు 1న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక గ్రంథాలయంలో, లాప్‌టాప్ తెరిచి ఉండగానే పట్టుకున్నారు. ఉల్లిపాయ చెడలేదు, తొక్క మీద పేరు రాసుకున్నాడంతే.

అంత దూరం దేనికి? మియాపూర్‌లో మెట్రో ఎక్కితే మూడో స్టేషను కూకట్‌పల్లి. తెలుగు సినిమా పరిశ్రమకి ఏళ్ల తరబడి నిద్ర లేకుండా చేసిన పైరసీ సైటు ఐబొమ్మ కేసులో 2025 నవంబరులో పోలీసులు అరెస్టు చేసింది అక్కడే. ఒక చిరునామా మూస్తే ఇంకోటి పుట్టేది. మా జోలికొస్తే మీ సంగతి చూస్తామని సైటు మీదే సవాలు కూడా రాశారు. నిందితుడికి కరీబియన్ దీవుల్లో ఒక దేశపు పౌరసత్వం ఉందని పోలీసులు చెప్పారు. తప్పెవరిదో కోర్టు తేలుస్తుంది. నాకు అర్థం కానిది ఒక్కటే: సముద్రాలు దాటి పౌరసత్వం సంపాదించినవాణ్ని కూడా కూకట్‌పల్లి ఎందుకు లాక్కొచ్చిందీ అని. బిర్యానీ కోసమా?

ఇంకో తమాషా. మనవైపు సెన్సార్ అంటే సినిమా సర్టిఫికెట్టే. సెన్సార్‌కి అందని సైటు అనగానే మనవాళ్లు అందులో పెట్టింది ఏమిటి? సెన్సార్ వాళ్లు పాస్ చేసి, ముద్ర వేసి, థియేటర్‌కి పంపిన సినిమా. ఏ ప్రభుత్వమూ ఆపని దాన్ని దొంగచాటుగా చూపించడానికి ఇంత స్వేచ్ఛా సాంకేతికత ఖర్చు చేసిన జాతి మనదే అయి ఉంటుంది.

సరే, సైటు నిజంగానే మూయలేనిది అనుకుందాం. సైటు జోలికే వెళ్లకుండా తీగనే కోసేస్తే? 2022 మే 24న జిల్లా పేరు గొడవలో అమలాపురం తగలబడింది. కోనసీమకి రోజుల తరబడి ఇంటర్నెట్ కట్. ఇంటి నుంచి పనిచేసుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్టుకి చేరారు, అవతలి ఒడ్డు సిగ్నల్ కోసం. 56 అక్షరాల ఉల్లి ఆ రోజు వాళ్లకి పనికిరాలేదు. పనికొచ్చింది గోదావరి వెడల్పు తక్కువగా ఉన్న చోటు.

అయితే నడిపేదెవరో తెలియనిదీ, ఎవరూ మూయించలేనిదీ ఈ దేశంలో లేకపోలేదు. సమాచార సాంకేతిక చట్టం 69ఏ సెక్షను కింద సైట్లని మూయించే యంత్రాంగం అదే. దాని కోసం 2009లో చేసిన నిబంధనల్లో పదహారోది, వచ్చిన ఫిర్యాదులూ తీసుకున్న చర్యలూ గుట్టుగా ఉంచమంటుంది. ఎవరు అడిగారు, ఎందుకు మూశారు అంటే జవాబుండదు. మావాడు క్రిప్టో పోసి కొనుక్కోవాలనుకున్న అజ్ఞాతం వాళ్లకి గెజిట్‌లో ఉచితంగా వచ్చింది. టార్ కూడా అక్కర్లేదు.

గుట్టు కాపాడే సాంకేతికతలో మన హైదరాబాదు కూడా తీసిపోలేదు. 2024లో బయటపడ్డ ఫోన్ ట్యాపింగ్ కేసులో, అంతకు ముందు డిసెంబరులో ప్రభుత్వం మారుతున్న వేళ హార్డ్ డిస్కులు ధ్వంసం చేసి మూసీలో పారేశారన్నది అభియోగం. ఊరి ఫోన్ల మీద చెవిపెట్టినవాళ్లకి తమ గుట్టు మీద ఎంత గౌరవం! ఆ నదికి మూసీ అని పేరు పెట్టినవాళ్లు ముందుచూపున్నవాళ్లు.

ఈ మూతలూ మిర్రర్లూ మన ఊరికి కొత్తవి కావు. మందుముల నరసింగరావుగారి 'రయ్యత్' పత్రికని నిజాం ప్రభుత్వం మూయిస్తే, అందులో పనిచేసిన షోయబుల్లాఖాన్ 1947 నవంబరులో 'ఇమ్రోజ్' మొదలుపెట్టాడు. ఒకటి మూస్తే ఇంకోటి. హైదరాబాదు భారత్‌లో కలవాలని రజాకార్ల ఎదుటే రాశాడు. బెదిరింపులొచ్చాయి. సంపాదకుడు ఫలానా అని ఊరంతటికీ తెలుసు, ఏ పొర వెనకా దాక్కోలేదు. 1948 ఆగస్టు 21 రాత్రి ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తుంటే కాచిగూడలో కాల్చి, రాసే చేతిని నరికారు.

అందుకే నిజంగా దాక్కోవలసినవాళ్లని నేను వెక్కిరించను. ఆ అవసరం ఉన్నవాళ్లకి టార్ ప్రాణం పోసే వస్తువే. అలాంటివాళ్లు లిఫ్టులో పోస్టరు వెయ్యరు, ఆఫర్ చూసి వీపీఎన్ కొనరు, "సైటు ఎలా ఉంది అంకుల్" అని అడగరు. మావాడు మూడూ చేశాడు. ఎవరికీ తెలియకూడదు, అందరూ మెచ్చుకోవాలి. ఈ రెండు పడవలకీ సరిపడా గుప్తలిపి ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

ప్రెసిడెంటుగారు వాణ్ని ఏమీ అనలేదు. సంఘానికి వెబ్‌సైట్ చేసిపెట్టమన్నారు. వాడు ఒప్పుకున్నాడు. అందులో ట్యాంకర్ల పేజీ లేదు.

పోతే, పదిరోజులుగా మా సంపు మూత పక్క గోడ మీద సుద్దముక్కతో ఒక అంకె కనిపిస్తోంది. ఆ రోజు ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో అంతే. వాచ్‌మన్ తడిగుడ్డతో తుడుస్తాడు, సాయంత్రానికి మళ్లీ ఉంటుంది. ఒకరోజు గుండ్రటి చేతిరాత, ఒకరోజు వంకర. మొన్న అంకె తెలుగులో ఉంది. బి బ్లాకు గోడ మీద కూడా మొదలైందిట. సీసీ కెమెరా చూడమని ప్రెసిడెంటుగారు పురమాయించారు. చూశారు. సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా అక్కడ పాతికమంది పిల్లలు ఆడుకుంటున్నారు, అందరి చేతుల్లోనూ సుద్దముక్కలే. నిన్నటి అంకె 4. రసీదులో 6 ఉంది.