కోయిలని పెంచే గూడు

ఇది చెప్పుకోవడానికి నాకు ఇన్నాళ్ళూ నోరు రాలేదు. మా పెరటి వేపచెట్టు మీది కాకి గూటిని నేను డబ్బులిచ్చి మరీ తీయించాను. అప్పుడు గూట్లో పిల్లలున్నాయి. ఉన్నాయని నాకు చెప్పారు కూడా. అయినా తీయించాను.

మాది తెనాలిలో ఒక పాత వీధి. ఉగాది వెళ్ళిందంటే ఈ వీధి తీరే మారిపోతుంది. మధ్యాహ్నమంతా తలుపులు బిగించుకుని ఉన్నవాళ్ళం అయిదు దాటగానే వాకిళ్ళలో నీళ్ళు చల్లి, కుర్చీలు బయట వేసుకుని కూర్చుంటాం. ఎవరి ఒళ్ళో చూసినా మల్లెమొగ్గలు, అరటినార. మాటలు సాగుతుంటే వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతాయి. పిల్లలు గాలికి రాలిన మామిడి పిందెలు ఏరుకొచ్చి, ఉప్పూకారం అద్దుకుని, పళ్ళు పులిసిపోయేదాకా తింటారు. పక్కింటివాళ్ళ సీమచింత చెట్టుకి కాయలు పగిలి గులాబీ రంగు పప్పు కనబడుతుంటే, మనుషులకన్నా ముందు ఉడతలే పసిగడతాయి. అవి తిని పడేసిన నల్ల గింజలు మా గోడ పొడవునా ఉంటాయి. కంసాలి పిట్ట ఎక్కడ కూర్చుంటుందో కనబడదు కానీ, టుక్ టుక్‌మని ఎండలోనే సుత్తి దెబ్బలు వినిపిస్తూ ఉంటుంది.

వీటన్నిటిలో నాకు ప్రాణం కోయిల. తెల్లవారుజామున నాలుగింటికే మొదలుపెడుతుంది. మా మనవడు డాబా ఎక్కి ‘కూ’ అంటే, అది ఇంకాస్త పై స్థాయిలో ‘కూ’ అంటుంది. వాడు గొంతు పెంచితే అదీ పెంచుతుంది. చివరికి వాడి గొంతు జీరపోతుంది, కోయిలది పోదు. ఆ పోటీ చూడటానికి మా వీధివాళ్ళు పనులు మానుకుని బయటికి వచ్చేవాళ్ళు. వేసవి సెలవుల్లో మా ఇంటి సంబరం అదే.

కాకి మాత్రం నాకు గిట్టేది కాదు. వడియాలు ఎండబెడితే కాకి, అప్పడాలు ఎండబెడితే కాకి. మామగారి తద్దినం నాడు ముద్ద గోడ మీద పెట్టి, కాకి ముట్టేదాకా ఇంటిల్లిపాదీ చేతులు కట్టుకుని నిలబడతాం. ఆ కాకీ, వడియాల దగ్గర నేను కర్ర తీసుకుని తరిమే కాకీ ఒకటేనని ఏనాడూ అనుకోలేదు.

ఆ ఏడు వేపపూత రాలుతున్న రోజుల్లో కాకుల జంట మా చెట్టు పంగలో గూడు కట్టింది. పుల్లలతో పాటు, వీధి చివర కడుతున్న ఇంటి దగ్గర పడేసిన బైండింగ్ వైరు ముక్కలు కూడా మోసుకొచ్చింది. గుడ్లు పెట్టాక చెట్టు కిందికి ఎవరు వెళ్ళినా వెనకనుంచి వచ్చి తల మీద తన్నేది. ఒకరోజు డాబా మీద సగ్గుబియ్యం వడియాలు పెడుతున్న మా అత్తగారిని తన్నింది. కాకి తన్నితే అరిష్టమని మనవాళ్ళ నమ్మకం. ఆవిడ తలస్నానం చేసింది, శనివారం నువ్వులనూనె దీపం పెట్టింది. కానీ కాకిని మాత్రం ఒక్క మాట అనలేదు. “పిల్లల తల్లి కదే, తన్నదూ మరి? కొన్నాళ్ళు అటు వెళ్ళకపోతే సరి” అంది. నేను వినలేదు. పెద్దావిడ, మనవడు, ఇంటికి వచ్చేపోయేవాళ్ళు... నాకు కారణాలకేం కొదవ?

ముంజలు తెచ్చే అతను సైకిల్ దిగి కత్తి తీస్తుంటే అడిగాను, కాస్త చెట్టెక్కి గూడు తీసిపెట్టమని. అతను పైకి చూసి చెవి ఒగ్గాడు. “పిల్లలున్నాయి అమ్మగారూ, గోల ఇనబడతంది. నెల్లాళ్ళు ఆగితే అయ్యే ఎగిరిపోతాయి గదా” అన్నాడు. ముంజల డబ్బులతో పాటు ఇంకో వంద ఇస్తానన్నాను. ఇంట్లో అవసరం ఉందేమో, కాదనలేకపోయాడు. తువ్వాలు తలకి చుట్టుకుని ఎక్కాడు. కాకులు రెండూ అతని చుట్టూ తిరుగుతూ అరిచిన అరుపులకి ఊళ్ళో కాకులన్నీ వచ్చి వాలాయి.

గూడు చెదరకుండా తట్టలో దింపి నా ముందు పెట్టాడు. అంత దగ్గరగా కాకి గూడు చూడటం నాకదే మొదలు. పైన అంతా మొరటు పుల్లలూ తీగలూ. లోపల మాత్రం కొబ్బరిపీచు, మనుషుల వెంట్రుకలు, ఏ దిండులోంచో లాగిన దూది, అరచేతిలా మెత్తగా పరిచి ఉన్నాయి. అందులో ఈకలు లేని మూడు పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. నాలుగోది వాటికన్నా పెద్దది. దాని ఒంటి మీద అప్పుడే ఈకల మొలకలు వచ్చాయి. నా నీడ పడగానే నాలుగూ ఒక్కసారి మెడలెత్తి ఎర్రటి నోళ్ళు తెరిచాయి. తల్లి వచ్చిందనుకున్నాయి.

“ఈ పెద్దది కోయిల పిల్ల అమ్మగారూ” అన్నాడు అతను. “ముందు పుడద్ది, ముందు పెరుగుద్ది.”

కాకి గూట్లో కోయిల గుడ్డు పెడుతుందని చిన్న తరగతుల్లోనే చదువుకున్నాను. పిల్లలకి కథలుగా చెప్పాను. ఎవరినైనా ఎత్తిపొడవాలంటే ఆ మాటే వాడాను. తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. ఆ కాకి మా పెరటి కాకి కావచ్చుననీ, ఆ గూడు మా వేపచెట్టు మీదిదే కావచ్చుననీ నాకు తోచలేదు, అంతే. తెల్లవారుజామున మంచం మీద పడుకుని ఎవరి పాట విని పొంగిపోయానో, వాళ్ళ బిడ్డని పెంచుతున్న ఇంటిని నేనే పడగొట్టించాను. ఇంతకన్నా మూర్ఖత్వం నేను ఇంకోటి చేసి ఎరగను.

అతనే జాలిపడి, గూటిని ఒక పాత వెదురుబుట్టలో పెట్టి మళ్ళీ పంగలో కట్టాడు. చీకటి పడేదాకా కాకులు చుట్టూ అరిచాయి గానీ బుట్ట మీద వాలలేదు. తెల్లారేసరికి పిల్లల్ని పిల్లి ఎత్తుకుపోయింది. మా మనవడు నాతో రెండు రోజులు మాట్లాడలేదు. అత్తగారు ఏమీ అనలేదు. అదే ఎక్కువ బాధ పెట్టింది.

ఆ వేసవంతా కాకులు నన్ను తప్ప ఎవరినీ తన్నలేదు. భ్రమేమో అనుకున్నాను. తర్వాత చదివితే తెలిసింది. సియాటెల్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో జాన్ మార్జ్‌లఫ్ అనే శాస్త్రవేత్త బృందం 2006లో ఆదిమానవుడి ముసుగు తగిలించుకుని కొన్ని కాకుల్ని పట్టి, కాళ్ళకి పట్టీలు వేసి వదిలేసింది. ఆ తర్వాత ఆ ముసుగు ఎవరు పెట్టుకు తిరిగినా కాకులు అరుస్తూ వెంటపడ్డాయి. ఆ రోజు పట్టుబడని కాకులు కూడా, ఏళ్ళ తరబడి. అవి అమెరికా కాకులే, మన ఊరకాకులు కావు. అయినా మా ఇంటి కాకులు నా ముఖం మరిచిపోలేదంటే నాకు ఆశ్చర్యం లేదు.

కోయిల సంగతి కూడా అప్పటినుంచే శ్రద్ధగా తెలుసుకున్నాను. మనం కోయిలమ్మ అని పిలిచి మురిసిపోయే ఆ గొంతు మగదానిది. నల్లగా, ఎర్రటి కళ్ళతో ఉంటుంది. ఆడది గోధుమరంగు, ఒళ్ళంతా తెల్లచుక్కలు. పాట లేదు, ‘కిక్ కిక్ కిక్’ అని ఒక కంగారు అరుపు. మగది కాకిని కవ్వించి దూరంగా లాక్కుపోతుంటే, ఆ సందులో ఆడది గుడ్డు పెట్టి వస్తుందని చూసినవాళ్ళు రాశారు. కోయిల గుడ్డు కాకి గుడ్డుకన్నా మూడు నాలుగు రోజులు ముందే పిల్లవుతుంది. కొన్ని జాతుల కోకిలల పిల్లలు గూటి యజమాని గుడ్లని బయటికి తోసేస్తాయి కానీ, మన కోయిల పిల్ల సాధారణంగా ఆ పని చెయ్యదు. కాకి పిల్లలతో కలిసి పెరిగిన సందర్భాలున్నాయి. మా గూట్లో ఉన్న నాలుగూ అలా పెరుగుతున్నవే.

చట్టమూ మొన్నమొన్నటిదాకా నాలాగే ఆలోచించింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కాకిని ఎలకలతో పాటు హానికర జీవుల జాబితాలో పెట్టారు. 2022 సవరణలో ఆ జాబితానే ఎత్తేశారు. మంచి పని.

మా వేపచెట్టు మీద కాకులు మళ్ళీ గూడు కట్టలేదు. ఎదురింటివాళ్ళ నేరేడు మీద కట్టాయి. ఆ ఇంటామె నాకు చిన్ననాటి స్నేహితురాలు. ఇప్పుడు వైశాఖం వస్తే సాయంత్రాలు మా కుర్చీలన్నీ వాళ్ళ డాబా మీదే. కుండలో నీళ్ళు, అల్లం దంచి వేసిన మజ్జిగ, అత్తగారికి విసనకర్ర. కిందటి వేసవిలో ఒక చుక్కల పిల్ల గూడు దాటి కొమ్మ మీదికొచ్చింది. రెక్కలు ఆడిస్తూ, నోరు తెరిచి, ఒకటే గోల. కాకి మా గోడ మీద అత్తగారు పెట్టిన అన్నం గొంతునిండా నింపుకుని వెళ్ళి, తన ముక్కు సగం దాని నోట్లో దించి పెట్టింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ నింపుకుంది. మా మనవడు నా చెయ్యి పట్టుకుని ఊపిరి బిగబట్టి చూశాడు. వాడి చెయ్యి నా చేతిలో ఉండగా ఆ దృశ్యం చూడగలిగినందుకు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

కాకి తన్నేది కొన్నాళ్ళే. చెట్టు కిందికి వెళ్ళాల్సి వస్తే గొడుగు వేసుకుంటే చాలు. ఇంకొక్క మాట. వానాకాలం రాకముందు కరెంటు తీగలకి అడ్డొచ్చే కొమ్మలు కొట్టడానికి మనుషులు వస్తారు, సరిగ్గా గూళ్ళున్న రోజుల్లోనే. ఈసారి మీ వీధికి వచ్చినప్పుడు దయచేసి బయటికి వచ్చి నిలబడండి. గూడున్న కొమ్మ చూపించి, వీలైతే పిల్లలు ఎగిరిపోయేదాకా దాన్ని వదిలేయమని అడగండి.