చౌడు నేలకు సూదిమందు

రాయచూరు జిల్లా బాళగనూరు చుట్టుపక్కల వలస రైతుల క్యాంపుల్లో కాలేయం చెడినవాడికి మొన్నటిదాకా రెండే దారులు: పసరు పోసే ఊరు, ఎకరం అమ్మించే పట్నం. ఇప్పుడు ఫోనులోనే మూడోది తెరుచుకుంది. కోత లేదు, దాత అక్కర్లేదు, 'స్టెమ్ సెల్' (మూలకణం) సూది ఒక్కటే! రాయచూరుకు ఎయిమ్స్ ఇమ్మని 2022 మేలో జనం ధర్నాకు కూర్చున్నారు. ఎయిమ్స్ కంటే ముందు సూది వచ్చేసింది.

ఈ సూది దొరల ధైర్యానికి దండం పెట్టాలి. ప్రపంచమంతా తల పట్టుకున్న చిక్కును వీళ్లు వాయిదాల మీద తీర్చేస్తున్నారు. చెడిన కాలేయానికి బదులు మంచి కాలేయ కణాలు ఎక్కించాలంటే, చిక్కల్లా ఆ కణాలు దొరక్కపోవడమే. దానంగా వచ్చిన కాలేయాల్లో మేలైనవి అవయవ మార్పిడికి పోతాయి. అక్కడ పనికిరానివే కణాలకు మిగులుతాయి. గడ్డకట్టించి కరిగిస్తే వాటిలోనూ చాలా చస్తాయి. అందుకే పిండాల కాలేయం, ఎముక మూలుగ, ల్యాబులో మూలకణంగా మార్చిన చర్మకణం, చివరికి పంది దాకా వెతుకులాట. మన దేశానికి ప్రత్యామ్నాయం ఏనాడో దొరికిందిలెండి: ఇల్లాలు. బతికుండగా కాలేయం కోసి ఇచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ, పుచ్చుకునేవాళ్లలో మగవాళ్లే ఎక్కువ.

1956 దాకా రాయచూరును ఏలిన హైదరాబాదులోనే డాక్టర్ సి.ఎం. హబీబుల్లా బృందం, కాలేయం ఉన్నట్టుండి కుప్పకూలిన ఏడుగురికి పిండాల కాలేయ కణాలు కడుపులోకి ఎక్కించింది. ముగ్గురు బతికారు. 1994లో ఆ లెక్క ఉన్నదున్నట్టు అచ్చువేశారు, చచ్చినవాళ్లతో సహా. సూది దొరల ప్రకటనల్లో చచ్చినవాడు ఒక్కడూ కనబడడు!

కణాలు దొరికినా మరో చిక్కుంది. కాలేయం మచ్చలు కట్టి గట్టిపడే సిరోసిస్ అంటే చౌడు తేలిన మడి. చౌడు విరగకుండా ఎంత మేలు నారు నాటినా వేరు పట్టదు. తుంగభద్ర ఎడమ కాలువ కింద వరి పండించే ఏ రైతునడిగినా చెబుతాడు. మరి ఏసీ గదిలో తెల్లకోటు వేసుకున్నాయనకు తెలియదా? తెలుసు. బిల్లులో రాయడంతే.

మూలకణాలపై 2017 నాటి జాతీయ మార్గదర్శకాలు తేల్చి చెప్పాయి: కొన్ని రక్త సంబంధ జబ్బులకు చేసే మూలకణ మార్పిడి తప్ప, తక్కినదంతా ప్రయోగమే. చికిత్స పేరుతో అమ్మడానికి వీల్లేదు. కనుక అయ్యా, ఎకరం బేరం పెట్టేముందు వాళ్లను క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నంబరు అడగండి. నంబరు లేదన్నా, ఉందంటూనే ఫీజు కట్టమన్నా, ఆ రోజే బస్సెక్కి ఇంటికి వచ్చేయండి.