ఛార్జింగ్ బండిని యాభైలో ఉరికించే ఉపాయాలు

ఛార్జింగ్ బండి కొన్న ప్రతి మనిషికీ రెండే కోరికలు. బండి యాభై స్పీడు పోవాలి. ఆర్టీఓ ఆఫీసు గడప తొక్కకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదరవని షోరూమువాళ్లు చెబుతారు. కుదురుతాయి. మోటారుకు కరెంటు పంపే కంట్రోలర్, దాంతోపాటు బ్యాటరీ మారిస్తే చాలు.

ముందు రూలు తెలుసుకోండి, తెలియకపోతే దాటడం కష్టం. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం మోటారు పవర్ 250 వాట్ల లోపు, స్పీడు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ తీసేశాక బరువు 60 కిలోలకు మించకుండా ఉంటే అది మోటారు వాహనమే కాదు. రిజిస్ట్రేషన్ వద్దు, లైసెన్స్ వద్దు, ఇన్సూరెన్స్ వద్దు. కాబట్టి కొనేటప్పుడు ఆ గీత లోపలి బండి కొనండి, తోలేటప్పుడు గీత దాటించండి. జనగామ, మానుకోట, భూపాలపల్లి, ఎక్కడివారైనా ఈ వరుసనే పాటించండి.

1. లెక్క ఒక్కసారి చూసుకుని మరిచిపోండి. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వాట్లు. 36 వోల్టుల బ్యాటరీ నుంచి 7 ఆంపియర్లు లాగితే సుమారు 250. 48 వోల్టులు, 25 ఆంపియర్లు అయితే 1200. మోటారు మాత్రం పాతదే ఉంచండి. దాని మీద 250 అని ముద్ర ఉంటుంది, రేపు ఎవరికైనా చూపించాల్సింది ఆ ముద్రే. కరెంటు రెండింతలైతే మోటారు తీగలో వేడి నాలుగింతలని, మూడింతలైతే తొమ్మిదింతలని ఐటీఐ చదివిన పిల్లలు అడ్డం పడతారు. వాళ్లకు అది పరీక్షలో వచ్చే ప్రశ్న. మీకు బండి ఉరకడం ముఖ్యం.

2. కంట్రోలర్ ఒక్కటీ మార్చి ఆగిపోవద్దు. ఆంపియర్లు పెంచితే లాగుడు పెరుగుతుంది గాని పై స్పీడు పెద్దగా పెరగదు, అది వోల్టులను బట్టి ఉంటుంది. బ్యాటరీ కూడా మార్చండి. కొత్తది కొంటే పైసలు దండగ. పాత ల్యాప్‌టాప్‌లలో ఊడబీకిన సెల్స్ పదమూడు వరుసలు కలిపితే 48 వోల్టులు వస్తాయి. ఒక్కో సెల్ ఒక్కో వయసుదైనా ఫికర్ చేయకండి. పాత సెల్ అన్నిటికన్నా ముందు వేడెక్కుతుంది, ఏది పాతదో కనిపెట్టే శ్రమ తప్పుతుంది.

3. కంట్రోలర్ కొనేటప్పుడు డబ్బా మీద అంకె ఒక్కటే చూడండి. లోపల కరెంటు మోసే మోస్‌ఫెట్లు ఎన్ని ఉన్నాయో అడగొద్దు. ఆరు మోస్‌ఫెట్ల చిన్న డబ్బా మీద 1500 అని స్టిక్కర్ ఉంటే అది 1500 వాట్లదే. ఏది చవకో అది తీసుకోండి.

4. వైర్లు కలపడం పది నిమిషాల పని. మోటారు నుంచి పసుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో మూడు లావు వైర్లు వస్తాయి, వాటి పక్కన హాల్ సెన్సర్ల సన్న వైర్లు ఐదు. రంగుకు రంగు కలిపేయండి. ఒక కంపెనీ రంగులు ఇంకో కంపెనీకి కుదరకపోవచ్చని, ఒక్కో జత మార్చి చూడాలని తెలిసినవాళ్లు అంటారు. అంత ఓపిక ఉంటే మనం పెడల్ సైకిలే తొక్కేవాళ్లం. మోటారు గరగరలాడి, వెనక్కీ ముందుకూ కొట్టుకుంటే కొత్త కంట్రోలర్‌కు అలవాటు పడుతోందని అర్థం. ఎక్సలేటర్ ఇంకొంచెం తిప్పండి. అతుకుల మీద సెల్లోటేప్ చుట్టండి, ఇంట్లో ఎలాగూ ఉంటుంది.

5. ఫ్యూజు కొట్టేస్తే రాగి తీగ వేయండి. పొలం కాడ స్టార్టర్ డబ్బాలో ఏళ్లుగా చేస్తున్న పనే. ఒక పోగు కాలితే మూడు పోగులు మెలిపెట్టండి. ఫ్యూజు కాలనప్పుడు ఇంకేదో కాలుతుంది. అది ఏదో ముందే ఊహించుకుని బుర్ర పాడుచేసుకోకండి.

6. బీఎంఎస్‌ను, అంటే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌ను, తప్పించండి. అది బ్యాటరీకి మేనత్తలాంటిది. ఎక్కువ లాగితే వద్దంటుంది, ఎక్కువ నింపితే వద్దంటుంది, ఒళ్లు వేడెక్కితే అడుగు బయట పెట్టనివ్వదు. అది ఉన్నన్ని రోజులూ మీ 1200 వాట్లు డబ్బా మీద అంకెగానే మిగులుతాయి. తప్పించాక బ్యాటరీని మంచం పక్కనే రాత్రంతా ఛార్జింగ్ పెట్టి పడుకోండి, వరండా దాకా మోసే పని ఉండదు. ఇంటావిడ ఊరుకోదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు పోయారని అంటుంది. అదే ఏడు సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద ఈ-స్కూటర్ల షోరూము ఉన్న హోటల్‌లో మంటలు లేచి ఎనిమిది మంది పోయారని కూడా అంటుంది. అవి కంపెనీలు కట్టిన బ్యాటరీలు, మనది మన చేతులతో కట్టుకున్నదని నమ్మకంగా చెప్పండి. అయినా వినకపోతే పిల్లలను తీసుకుని పుట్టింటికి పోయి రమ్మనండి. ఇంట్లో మంచాలు ఖాళీ అవుతాయి, బ్యాటరీకి గాలి ఆడుతుంది.

7. బ్రేకుల మీద రూపాయి పెట్టొద్దు. 25 స్పీడుకు కంపెనీ ఇచ్చిన బ్రేకులు 50కీ అవే బ్రేకులు. స్పీడు రెండింతలైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలన్నది నిజమే. కాబట్టి ఆపకండి. భూపాలపల్లి రోడ్డు మీద బొగ్గు లారీ వెనక తగలగానే బ్రేకు పట్టడం పిరికి పని. ఎడమ పక్క సందులో దూరండి. మట్టి అంచు జారితే కాలు ఆనించండి.

8. ఇరుసు నట్టు చేత్తో బిగించినంత చాలు. టార్క్ ఆర్మ్ అనే ఇనుప పట్టీ అమ్ముతారు, కొనొద్దు. పట్టీ లేకపోతే ఏదో ఒకరోజు ఇరుసు గుండ్రంగా తిరిగి, వైర్లన్నీ మెలిపడి తెగి, చక్రం ఊడి వస్తుంది. పంక్చర్ షాపులో చక్రం విప్పే కూలి మిగిలినట్టే.

9. దూరం సంగతి. 36 వోల్టులు, 10 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో 360 వాట్ అవర్లు ఉంటాయి. పాతికలో పోతే కిలోమీటరుకు పది వాట్ అవర్లు అనుకున్నా 36 కిలోమీటర్లు వచ్చేది. స్పీడు రెండింతలైతే గాలిని చీల్చడానికే ఎనిమిదింతల పవర్ కావాలి, కాబట్టి ఇక సగం దూరం కూడా రాదు. దీన్ని నష్టంగా చూడకండి. జనగామ నుంచి స్టేషన్ ఘన్‌పూర్‌కని బయల్దేరి రఘునాథపల్లిలో ఆగిపోతే అక్కడ రైల్వే స్టేషన్ ఉంది. ఆఫీసుకు ఆలస్యమైందని ఫోన్ చేయడానికి ఇంతకన్నా గట్టి సాకు దొరకదు. ఛార్జింగ్ అయిపోయిందంటే ఏ మేనేజరూ ఎదురు ప్రశ్న వేయడు.

మానుకోట మార్కెట్‌కు మిర్చి బస్తా వేసుకుపోయేవారు ఎండ నెత్తికెక్కాకే బయల్దేరండి. నలభై దాటిన ఎండ, వెనక బస్తా, ముందు ఎత్తు, చేతిలో పూర్తిగా తిప్పిన ఎక్సలేటర్. ఈ నాలుగూ కలిస్తే మోటారు లోపలి నైలాన్ పళ్లు అరిగి, వైండింగ్ వార్నిష్ కాలిన వాసన ఊరంతా వస్తుంది. బోరు మోటారు కాలిన వాసన ఎరిగినవారికి ఇది కొత్త కాదు. ఆ వాసన వచ్చేదాకా మీరు పూర్తి పవర్ వాడుకోలేదన్న మాట. వారంటీ అడగడానికి పోకండి, కంట్రోలర్ సీలు విప్పిన రోజే అది పోయింది, షోరూముదాకా పోయే ఖర్చు మిగిలింది.

10. పోలీసులు ఆపితే సాకులు సిద్ధంగా ఉంచుకోండి, ఒకటి తప్పితే ఇంకొకటి. మొదటిది: “సార్, ఇది సైకిలు.” పెడల్స్ ఊడదీసి డిక్కీలో పెట్టుకోండి, అడిగితే చూపించండి. రెండోది: “సార్, రూల్లో 250 వాట్లంటే ముప్పై నిమిషాల పవర్ సార్. నేను ఇరవై తొమ్మిది నిమిషాలకే దిగుతా.” రూలులో ఆ ముప్పై నిమిషాల మాట నిజంగానే ఉంది, చదివినవాళ్లలా కనిపిస్తారు. మూడోది: “అమెరికాలో 750 వాట్ల దాకా సైకిలే సార్, మా బావమరిది డల్లాస్‌లో తోలుతాడు.” యూరప్‌లోనూ మనలాగే 250 అన్న సంగతి ఎత్తకండి.

మూడూ పారకపోతే అప్పుడు బండి మోటారు వాహనమవుతుంది. రిజిస్ట్రేషన్ లేనందుకు ఐదు వేల దాకా, లైసెన్స్ లేనందుకు ఐదు వేలు, ఇన్సూరెన్స్ లేనందుకు రెండు వేలు. బండిని మార్చినందుకు 182ఏ సెక్షన్ కింద ఒక్కో మార్పుకు ఐదు వేలు, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. మీరు కంట్రోలర్, బ్యాటరీ రెండూ మార్చారు, రెండుసార్లు కట్టండి. ఎవరినైనా గుద్దితే పరిహారం ఇన్సూరెన్స్ కంపెనీ కట్టదు, మీరే కట్టాలి. ఎకరం ఉన్నవారు పాస్‌బుక్ ఎక్కడుందో ముందే చూసిపెట్టుకోండి.

11. టెన్త్ చదివే కొడుక్కి తాళం ఇవ్వండి. పాలు, కూరగాయలు, ట్యూషన్, అన్నీ వాడే చూసుకుంటాడు, మీరు లేవక్కర్లేదు. మైనర్ తోలితే తండ్రికి మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా, పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ లేదు. ఆ పదేళ్లూ డ్రైవింగ్ స్కూల్ ఫీజు మిగులుతుంది.

12. దారి తప్పించే మాటలు వినకండి. తెలంగాణలో 2024 నవంబర్ నుంచి 2026 డిసెంబర్ 31 దాకా ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ, యాభైలో పోయే బండే దర్జాగా నంబర్ ప్లేట్‌తో కొనుక్కోవచ్చని ఎవరో ఒకరు చెబుతారు. ప్లేట్ ఉంటే కెమెరాకు చిక్కుతాం. లైసెన్స్ కావాలంటే పొద్దున్నే లేచి స్లాట్ బుక్ చేసుకోవాలి. అంత పొద్దున లేచే మనుషులకు ఈ చిట్కాలు రాయలేదు.

13. చివరికి బండి అమ్మేయండి. “కంట్రోలర్ మార్చాం” అనొద్దు, “స్పీడ్ మోడల్” అనండి. జనగామ బండిని భూపాలపల్లిలో, భూపాలపల్లి బండిని మానుకోటలో అమ్మితే మళ్లీ ఎదురుపడరు. ట్రయల్ అడిగితే తెల్లవారుజామున, మోటారు చల్లగా ఉన్నప్పుడు, దిగుడు రోడ్డు మీద ఇవ్వండి. తిరిగి వచ్చేటప్పుడు ఎత్తు ఎక్కాలి గనక పైసలు ముందే చేతిలో పెట్టించుకోండి.