అడ్డం, నిలువు, అడ్డదిడ్డం

ఆదివారం అనుబంధంలో వచ్చే గళ్ళ పజిల్ ఎలా పూరించాలో చెప్పమంటే పెద్దలంతా ఒకే పాఠం అప్పజెప్తారు. పెన్సిల్ పట్టుకో. అడ్డం ఒకటితో మొదలుపెట్టు. చిన్న మాటలు ముందు నింపు. బహువచనమైతే చివర 'లు' వేసెయ్, మగవాడైతే 'డు' వేసెయ్. తెలియకపోతే నిఘంటువు తియ్. టిఫిన్ అయ్యేలోగా ముగించు. నా సలహాలు వీటన్నిటికీ ఎదురు. భద్రాచలం, సారపాక, కొత్తగూడెం వైపు ఉండేవాళ్ళకి ఇవి మరీ పనికొస్తాయని నా నమ్మకం.

ముందు పెన్సిల్ పక్కన పెట్టి పెన్ను తీసుకోండి. పెన్సిల్‌తో రాసేవాళ్ళు సగం నమ్మకంతో రాస్తారు. అలా రాసిన అక్షరం అడ్డం మాటనీ చెడగొడుతుంది, నిలువు మాటనీ చెడగొడుతుంది. చేతిలో పెన్ను ఉంటే ఆ మాటని మనసులో రెండుసార్లు పలుకుతాం, గళ్ళు లెక్కపెడతాం, దాని మీదుగా పోయే మాట ఏమవుతుందో చూస్తాం. తప్పు పడిందా, కొట్టేసి పక్కన రాయండి. కొట్టివేతలతో నల్లబడ్డ పజిల్‌ని చూసి సిగ్గుపడక్కర్లేదు. మన ఆలోచన ఎక్కడ దారి తప్పిందో అందులో కనిపిస్తుంది. రబ్బరుతో చెరిపితే ఆ జాడ కూడా పోతుంది.

రెండో సలహా ఇంకా వింతగా ఉంటుంది. తేలిక మాటల జోలికి పోకండి, ఒత్తులున్న కష్టమైన మాటతోనే మొదలుపెట్టండి. 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ మొదటి గళ్ళ పజిల్ ఇచ్చినప్పుడు గడికో ఇంగ్లిష్ అక్షరం కూర్చుంది. ఆ అక్షరాలు మొత్తం 26. మన గడిలో కూర్చునేది హల్లూ, దాని గుణింతమూ, ఒత్తూ, పక్కనున్న సున్నా కూడా కలిసిన అక్షరం. హల్లులు 35 అనుకుని, ఒక్కోదానికి 12 గుణింతాలు వేసుకున్నా, ఒత్తులు కలపకముందే 420 అవుతాయి. అందుకే ఇంగ్లిష్ పజిల్‌లో ఒక 'ఇ' దొరికితే ఒరిగేది తక్కువ. తెలుగులో ఒక 'ర్ణ' దొరికితే మాట దాదాపు చేతికొచ్చినట్టే. నాలుగు గళ్ళుండి, రెండో గడిలో 'ర్ణ' పడి, ఆధారంలో కుటీరం ప్రస్తావన ఉంటే దుమ్ముగూడెం మండలంలోని పర్ణశాల తప్ప వేరేది తట్టదు. "కంచెర్ల గోపన్న తహసీల్దారుగా ఉన్న చోటు (3)" అన్నచోట నడి గడిలో 'ల్వం' పడిందంటే పాల్వంచ అని రాసేసి ముందుకి పోవచ్చు. అదే 'లు', 'డు' ముందే వేసుకుని కూర్చుంటే ఆ అక్షరంతో ముగిసే మాటలు వేలల్లో ఉంటాయి, ఒక్కటీ తేలదు. పైగా కూర్పరి అడిగింది రాముడు కాక రామయ్య కావచ్చు. రెండూ మూడు గళ్ళే. భద్రాచలంలో ఆయన్ని రామయ్య అనే పిలుచుకుంటారు.

మొదలుపెట్టే చోటు కూడా మార్చండి. కుడివైపు కింది మూల నుంచి పైకి రండి. కూర్పరి ఎడమ పైమూలలో తనకి నచ్చిన మాటలు తీరిగ్గా పేర్చుకుంటూ వస్తాడు. కింది మూలకి వచ్చేసరికి గళ్ళు బిగుసుకుంటాయి, దొరికిన దానితో సర్దుకోవాలి. 'తలకిందులైంది', 'తడబడింది', 'తోక తెగింది', 'చెల్లాచెదురైంది' అనే ఆధారాలు ఎక్కువగా అక్కడే గుంపు కడతాయని నేను గమనించాను.

ఈ తలకిందుల ఆధారాలంటే చాలామందికి చిరాకు. నాకు ప్రాణం. బోయవాడు 'మరా మరా' అంటూ కూర్చుంటే అది 'రామ రామ' అయిందన్న కథ వింటూ పెరిగినవాళ్ళం, అక్షరాల్ని వెనక్కి తిప్పడం మనకి కొత్త కాదు. ఇలాంటి ఆధారాల్ని మనసులో చదువుకోకండి. ఇంట్లోవాళ్ళు విసుక్కున్నా సరే, గట్టిగా పైకి చదవండి. "అడవిలో నరికిన కలప వెనుదిరిగి బడిపిల్లవాడి చేతికొచ్చింది (3)". క, ల, ప అని విడదీసి వెనకనుంచి పలకండి, పలక వచ్చేస్తుంది. "కుశుడి కవల తిరగబడితే గోదాట్లో చేపలు పడతాయి (2)". లవ తిరిగితే వల. కళ్ళతో చూస్తూ కూర్చున్నవాళ్ళకి గంటసేపు దొరకనిది నోటితో పలికినవాళ్ళకి చిటికెలో దొరకడం నేను చాలాసార్లు చూశాను.

మొదట తట్టిన సమాధానాన్ని నమ్మొద్దంటారు. నేను రాసెయ్యమంటాను. "భద్రాచలం రోడ్ రైల్వే స్టేషన్ ఉన్న ఊరు (4)" అని ఆధారం ఉందనుకోండి. భద్రాచలం నాలుగు గళ్ళే, చక్కగా సరిపోతుంది. కానీ ఆ స్టేషన్ ఉన్నది అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరాన కొత్తగూడెంలో. అదీ నాలుగు గళ్ళే. భద్రాచలం అని రాసేసినవాళ్ళకి నిలువు మాట కుదరనప్పుడు కూర్పరి పెట్టిన మెలిక ఎక్కడుందో తెలుస్తుంది, ఇక జన్మలో మరిచిపోరు. రాయకుండా అనుమానిస్తూ కూర్చున్నవాళ్ళకి ఆ మెలిక కనపడనే కనపడదు.

జిల్లా పేరు అడిగితే మాత్రం ఇంకో పని చెయ్యాలి. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరిలో ఉంది, తరవాత ఖమ్మంలో, 2016 అక్టోబర్ నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళాక ఊరి పొలిమేర దాటి ఎటపాక వైపు అడుగేస్తే రాష్ట్రమే వేరు. పాత పజిళ్ళ పుస్తకం పూరిస్తున్నప్పుడు అది ఏ ఏడు అచ్చయిందో ముందు చూడండి. కూర్పరి తప్పు రాశాడని తిట్టుకునేలోగా, ఆయన రాసిన నాటికి అదే ఒప్పేమో తెలుసుకోండి.

ఇక అసలు సంగతి. నిఘంటువు మూసెయ్యండి. సూర్యరాయాంధ్ర నిఘంటువన్నా, శబ్దరత్నాకరమన్నా, బ్రౌన్ నిఘంటువన్నా నాకు ఎంతో గౌరవం. పజిల్ అయ్యాక అవన్నీ తీసి తీరిగ్గా చదవండి. పూరించేటప్పుడు మాత్రం మనుషుల్ని అడగండి. పజిల్ ఎప్పుడూ ముట్టనివాళ్ళని, ఆ మాటకొస్తే పేపరే చదవనివాళ్ళని ముందు అడగండి.

ఖమ్మం వైపు వంటిళ్ళలో ఒకే కూరకి రెండు పేర్లు వినిపిస్తాయి. వరంగల్ నుంచి వచ్చిన కోడలు పుంటికూర అంటుంది, కృష్ణా జిల్లా నుంచి వచ్చిన అత్తగారు గోంగూర అంటుంది. పజిల్‌లో మూడు గళ్ళుంటే అత్తగారి మాట, నాలుగుంటే కోడలి మాట. సొరకాయకి నాలుగు గళ్ళు, ఆనపకాయకి అయిదు. పల్లికి రెండు, వేరుశనగకి అయిదు. మక్కకి రెండు, మొక్కజొన్నకి నాలుగు. కూర్పరి ఏ ఊరివాడో మనకి తెలియదు, గళ్ళ లెక్క చూస్తే తెలిసిపోతుంది. రెండు వైపుల మాటలూ ఒకే వంటింట్లో దొరకడం ఈ సరిహద్దు వాళ్ళకి పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఒక వైపు మాటే తెలుగు, రెండో వైపుది యాస అనుకునేవాళ్ళకి ఈ ఆస్తి చేతిలో ఉన్నా వాడుకోవడం రాదు. అది చూస్తే నాకు బాధగా ఉంటుంది.

గట్టు దిగి గోదారి దగ్గరికి వెళ్ళండి. "లాంచీ నడిపేవాడు (3)" అంటే నిఘంటువు నావికుడు, కర్ణధారుడు అని వరస పెడుతుంది, ఒక్కటీ మూడు గళ్ళలో పట్టదు. పాపికొండల లాంచీ ఎక్కొచ్చిన పిల్లాణ్ణి అడిగితే సరంగు అనేస్తాడు. "పిట్టల్ని తోలేవాడి ఎత్తు పీట (2)" పోడు చేలు చూసినవాళ్ళకి మంచె అని వెంటనే తడుతుంది. "బీడీ సరుకు (4)" తునికాకు అని చాలామందికి తెలుసు. కానీ ఎండాకాలంలో ఆ ఆకు కోసి, 50 ఆకుల చొప్పున కట్టలు కట్టి, కల్లంలో ఎండబెట్టేవాళ్ళని అడిగితే ఆ ఒక్క మాట వెంట కట్ట, కల్లం, కల్లేదారు అని మరో మూడు మాటలు వస్తాయి. వాటిలో ఏదో ఒకటి వచ్చే ఆదివారం పనికొస్తుంది. సారపప్పు చెట్టు పండుని మొర్రిపండు అంటారని నాకు తెలిసింది పుస్తకంలో కాదు, అడవి అంచున బుట్ట పెట్టుకుని అమ్మే ఆమె దగ్గర.

అడిగే తీరు ముఖ్యం. "అయిదు గళ్ళ మాట చెప్పు" అని అడిగితే ఎవరికైనా పరీక్షలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది. "పెద్దమ్మా, దీన్ని మీ దగ్గర ఏమంటారు?" అని అడగండి. గళ్ళ లెక్క మీరు పెట్టుకోండి. కోయగూడెంలో అడిగితే తెలుగు పేరుతో పాటు వాళ్ళ భాషలో ఇంకో పేరు చెప్తారు. కోయ భాష తెలుగుకి యాస కాదు, వేరే భాష. ఆ పేరు గళ్ళలో ఇమడకపోయినా పేజీ అంచున రాసుకోండి. ఏ ఆదివారం పజిల్‌లోనూ రాని మాట మీకు దొరికింది.

ఫోన్ గురించి ఒక్కమాటే. పజిల్ ముందేసుకున్నంతసేపూ దాన్ని వేరే గదిలో ఛార్జింగ్‌కి పెట్టండి.

తొందర కూడా వదిలిపెట్టండి. 1942 జనవరిలో లండన్‌లో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక పజిల్‌ని పన్నెండు నిమిషాల్లో పూరించగలరా అని పోటీ పెట్టింది. నెగ్గినవాళ్ళలో కొందరిని తరవాత బ్లెచ్లీ పార్క్‌లో శత్రువుల రహస్య సందేశాలు విప్పే పనికి పిలిచారు. అప్పుడు యుద్ధం జరుగుతోంది కాబట్టి నిమిషాలు లెక్కపెట్టుకున్నారు. మనకి వారమంతా ఉంది. ఆదివారం ప్లేడే డ్యూటీకి వెళ్ళిన సింగరేణి కార్మికుడు సోమవారం షిఫ్ట్ దిగాక నాలుగు గళ్ళు నింపుకుంటే తప్పేముంది? రెండు మూడు ఆధారాలు కావాలనే వదిలెయ్యండి. వదిలేసిన ఆధారం మనతో పాటే మణుగూరు బస్సెక్కుతుంది. వెనక సీట్లో ఎవరో ఎవరితోనో అన్న మాటలో దాని సమాధానం వినిపిస్తుంది. శనివారం దాకా దొరక్కపోయినా సరే, ఏదో ఒకటి కుక్కి ముగించకండి. వచ్చే వారం సమాధానాలు అచ్చయినప్పుడు, ఖాళీగా ఉంచిన గడిలోకి వచ్చిన మాటే ఎక్కువకాలం గుర్తుంటుంది.

అచ్చయిన సమాధానం దగ్గర కూడా తల వంచకండి. "1889లో సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైన ఊరు (3)" అంటే ఇల్లెందు అనీ రాస్తారు, ఇల్లందు అనీ రాస్తారు. రెండూ మూడు గళ్ళే, నడి గడి ఒక్కటే తేడా. బూర్గంపాడుకీ ఇదే చిక్కు, బూర్గంపహాడ్ అన్న బోర్డులూ ఉన్నాయి. మన ఊళ్ళో వాడుక ఏదో పత్రికకి ఉత్తరం రాయండి, మర్యాదగా, ఊరి పేరుతో సహా. చుట్టుపక్కలవాళ్ళు రాయకపోతే దూరాన ఉన్న కూర్పరికి తెలిసే దారి లేదు.

ఆఖరి సలహా అన్నిటికంటే తలకిందులు. పూరించడం బాగా వచ్చేదాకా ఆగకుండా కూర్చడం మొదలుపెట్టండి. శ్రీశ్రీ పదబంధ ప్రహేళికలు కూర్చారు, ఆరుద్ర గళ్ళనుడికట్లు కూర్చారు. ప్రహేళిక కవులకి కొత్త ఆట కాదు, దండి తన కావ్యాదర్శంలో 16 రకాల ప్రహేళికలు చెప్పాడు. మీకు దండి అక్కర్లేదు, మీ చుట్టూ ఉన్న పేర్లు చాలు. "ఆవుని రమ్మని పిలిచి పంట చూపించే నది (4)": గో, దా, వరి. "మైదానం రాసినాయన చివర్లో కనిపించే రాముడి ఊరు (4)": భద్రాచలం. "రాముడి కోసం ఎదురుచూసి, కూనవరంలో గోదారిని కలిసింది (3)": శబరి. "విశ్వనాథ పాటలు కట్టిన ఏరు, మొదటి మూడు గళ్ళూ వాయించుకోవచ్చు (5)": కిన్నెరసాని. ఇలాంటివి నాలుగు కూర్చారంటే ఆధారాన్ని వాక్యంగా చదవడం మానేసి ముక్కలుగా చదవడం అలవాటవుతుంది. కూర్పరి చెయ్యి ఎటు తిరుగుతుందో అర్థమవుతుంది.

మొదటి కూర్పుకి కిన్నెరసానిని అడ్డంగా రాసుకోండి. మూడో గడిలో 'ర' ఉంది కదా, దాని మీదుగా సారపాకని నిలువుగా దించండి. 'సా' పైన ఉంటుంది, 'పాక' కిందికి వస్తుంది. అయిదో గడిలో 'ని' మీదుగా తునికాకుని దించండి. 'తు' పైన, 'కాకు' కింద. రెండు నిలువు మాటల మధ్యా, అడ్డం వరసకి పైనా కిందా ఉన్న గళ్ళు నల్లగా ఉంచండి, లేకపోతే అక్కర్లేని మాటలు పుట్టుకొస్తాయి. ఎడమ చివర 'కి' ఒంటరిగా మిగిలింది. దాని మీదుగా దిగే మాట మీ ఊరి మనుషుల్ని అడిగి పెట్టుకోండి.