ఎవరి మాటా చెల్లనివ్వకండి: ప్రమాద స్థలంలో పది శాఖలను నడిపే చిట్కాలు

అర్ధరాత్రి ఫోన్ మోగింది. సొరంగం కూలింది, లేదా బస్సు తగలబడింది, లేదా చెరువు కట్ట తెగింది. మీరు ఉమ్మడి పాలమూరులోనో నల్లగొండలోనో ఓ మోస్తరు అధికారి. కంగారు పడకండి. ఈ కింది చిట్కాలు వరసగా పాటిస్తే మీ మీదికి ఏదీ రాదు. లోపల చిక్కుకున్నవాళ్ల సంగతంటారా, దానికి వేరే శాఖ ఉంటుంది.

1. ముందు హద్దు తేల్చండి. ఒకప్పుడు పాలమూరుకు ఒక్కరే కలెక్టరు, తప్పించుకోవడానికి సందు ఉండేది కాదు. 2016 అక్టోబర్ 11న అది నాలుగు జిల్లాలైంది, 2019లో నారాయణపేటతో అయిదు. నల్లగొండ కూడా మూడైంది. ఇన్ని సరిహద్దులు ఊరికే గీయలేదు, వాడుకోండి. ఫోన్ ఎత్తగానే "స్పాట్ మా లిమిట్స్‌లోకి రాదనుకుంటా, ఒకసారి కన్ఫర్మ్ చేసుకోండి" అనండి. అవతలివాడు కన్ఫర్మ్ చేసుకునేలోపు తెల్లారుతుంది. మరీ పట్టుబడితే సర్వే రాయి చూపించమనండి. వీఆర్వోలను 2020లోనే తీసేశారు, కొత్తగా వచ్చిన గ్రామ పాలనాధికారికి రాయి ఎక్కడుందో ఇంకా తెలీదు. హద్దు విషయంలో శ్రీశైలం ఎడమగట్టు కాలువ, అంటే ఎస్‌ఎల్‌బీసీ సొరంగం లాంటి నిధి మళ్లీ దొరకదు: నీళ్లు నల్లగొండకు, ముఖద్వారం నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంటలో, చుట్టూ నల్లమల పులుల అడవి, పని కాంట్రాక్టు కంపెనీది, కూలీలు జార్ఖండ్, యూపీ, పంజాబ్‌ల నుంచి వచ్చినవాళ్లు. బాధ్యత అనే మాట ఎక్కడ విసిరినా ఇంకో గుమ్మం ముందే పడుతుంది.

2. కమాండర్ అనేవాణ్ణి పుట్టనివ్వకండి. విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది 2005లో. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు కలెక్టరే చైర్మన్ అని అందులో ఉంది. 2010లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ ఇంకో పుస్తకం తెచ్చింది. దాని ప్రకారం స్థలంలో ఆజ్ఞ ఇచ్చేది ఒక్క ఇన్సిడెంట్ కమాండర్, ఆయన కింద ఆపరేషన్లు, ప్లానింగ్, లాజిస్టిక్స్, ఒకరి కింద అయిదుగురి దాకా, ప్రతివాడికీ పైన ఒక్కడే బాస్. చదవడానికి బాగుంది, బీరువాలో పెట్టి తాళం వెయ్యండి. వచ్చిన ప్రతివాణ్ణీ నోడల్ అధికారిని చెయ్యండి. నోడల్ అధికారుల మీద ఇంకో నోడల్ అధికారిని వెయ్యండి. ప్రొసీడింగ్స్‌లో "సంబంధిత అధికారులు సమన్వయంతో వ్యవహరించవలెను" అని రాయండి. ఆ వాక్యంలో మనిషి పేరు లేదు, అదే దాని గొప్పతనం.

3. అందరికీ ఒకే పని అప్పజెప్పండి. ఇది ముఖ్యమైన చిట్కా, కాస్త ఓపిగ్గా చదవండి. 2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లోని సిల్క్యారా సొరంగంలో 41 మంది చిక్కుకుంటే, అక్కడివాళ్లు అయిదు రకాల దారులు అనుకుని ఒక్కో దారిని ఒక్కో సంస్థకు పంచారు. 17వ రోజున 41 మందీ బయటికొచ్చారు. చెడ్డ ఉదాహరణ. అలా పంచితే ఎవరి పని ఆగిందో ఇట్టే తెలిసిపోతుంది.

ఇప్పుడు దోమలపెంట చూడండి. 2025 ఫిబ్రవరి 22 ఉదయం అక్కడి సొరంగం పైకప్పు కూలింది, ఎనిమిది మంది లోపల ఉండిపోయారు. దెబ్బతిన్న బోరింగ్ యంత్రం, ఊరుతున్న నీరు, బురద, దాదాపు 14 కిలోమీటర్ల లోపల. దిగినవాళ్లు: ఎన్డీఆర్ఎఫ్, ఎస్డీఆర్ఎఫ్, సైన్యం, నౌకాదళం, సింగరేణి రెస్క్యూ, ర్యాట్ హోల్ మైనర్లు, యంత్రాన్ని కోయడానికి దక్షిణ మధ్య రైల్వే, రాయి సంగతి చెప్పడానికి జీఎస్ఐ, ఎన్‌జీఆర్‌ఐ, వాసన పట్టడానికి కేరళ పోలీసు కుక్కలు. ఇంతమందికీ లోపలికి దారి ఒక్కటే, లోకో ట్రైను పట్టాలు. ఇలాంటి చోట ట్రైను మొదటి ట్రిప్పులో కట్టర్ వెళ్లాలా, మోటారు పంపు వెళ్లాలా, కుక్క వెళ్లాలా అని చెప్పే గొంతు ఒక్కటే ఉంటే పని సాగిపోతుంది. అందుకే చెప్పనివ్వకండి. ఎవరు ముందు ఎక్కి కూర్చుంటే వాళ్లదే ట్రిప్పు. అక్కడ ప్రభుత్వం నెల గడిచాక ఒక ఐఏఎస్‌ను ప్రత్యేకాధికారిగా వేసింది. మీకు అంత తొందర పనికిరాదు.

4. గేటు దగ్గర రిజిస్టరు పెట్టకండి. లోపలికి ఎంతమంది పోయారో రాస్తే, బయటికి ఎంతమంది వచ్చారని అడుగుతారు. అదే నల్లమల మూలన 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రం తగలబడి తొమ్మిది మంది చనిపోయారు. అలాంటి చోట పొగలోకి దూకబోయే ఫైర్‌మన్ అడిగే మొదటి ప్రశ్న "లోపల ఎంతమంది?" జవాబు లేకపోతే అతను ఆగుతాడు, ఆగితే తప్పు అతనిది.

5. మాట ఒకరిది ఒకరికి వినపడకూడదు. పోలీసు సెట్టు పోలీసుకే, ఫైరువాళ్లది ఫైరుకే, అడవివాళ్లది అడవికే. అందరికీ ఒకే చానల్ అన్నవాణ్ణి టెక్నికల్ సమస్య చెప్పి పంపెయ్యండి. బదులుగా వాట్సాప్ గ్రూపులు పెట్టండి, అయిదారు. "డీజిల్ అయిపోయింది సార్, పంపు ఆగింది" అని ఒక గ్రూపులో వస్తే, "నోటెడ్" అని ఇంకో గ్రూపులో పెట్టండి. మధ్యలో ఎవరో గులాబీ పువ్వుతో శుభోదయం పంపుతారు, ఆ డీజిల్ మెసేజ్ పైకి వెళ్లిపోతుంది. పంపు దగ్గర నిలబడ్డ పిల్లగాడు "ఏం జేయాలె సార్, నీళ్లు మోకాళ్ల దాంక వచ్చినయి" అని ఫోన్ చేస్తే, "జర ఆగు, మీటింగ్‌లున్న" అనండి.

6. పెద్దాయన వస్తున్నాడంటే అందరూ హెలిప్యాడ్‌కే. జనరేటర్ తాళం ఎవరి జేబులో ఉందో వాణ్ణి ముందు తీసుకెళ్లండి.

7. గడువు చెప్పేయండి. "ఇంకో రెండు రోజుల్లో పూర్తి." పైకప్పు ఇంకా వదులుగా ఉందని జియాలజిస్టు అంటే ఆయన రిపోర్టు సీల్డ్ కవర్లో పెట్టించండి. రెండు రోజుల తర్వాత ఇంకో రెండు రోజులు అడగొచ్చు, దీనికి పరిమితి లేదు. దోమలపెంటలో మొదటి దేహం దొరకడానికే మార్చి 9 దాకా పట్టింది, రెండోది 25న. ఆఖరి భాగంలో తవ్వితే ప్రమాదమని ఏప్రిల్ నెలాఖరుకు పని ఆపేశారు. ఆరుగురు లోపలే ఉండిపోయారు. అంత కాలం ఏ విలేఖరీ మీ మొదటి గడువు గుర్తుపెట్టుకోడు.

8. వరదకు మాత్రం ఫైలు నడపండి. 2009 అక్టోబరు మొదట్లో, 19 లక్షల క్యూసెక్కులకు కట్టిన శ్రీశైలానికి 25 లక్షల పైచిలుకు వచ్చింది, అలంపూర్ మునిగింది. నది ఒకటి, రాష్ట్రాలు ఎన్నో, డ్యాముకో ఇంజనీరు. పైనుంచి కబురొస్తే ఫోన్లో కింది ఊళ్లకు చెప్పేయడం అమాయకత్వం. నోట్ పెట్టండి, సంతకం కోసం పంపండి, సెలవు రోజైతే మరీ మంచిది.

9. చట్టం చదవండి, ఈ ఒక్కచోట నిజంగానే. 2005 చట్టం 56వ సెక్షన్ ప్రకారం విపత్తులో విధి మానేసిన అధికారికి ఏడాది దాకా జైలు పడొచ్చు. గుండె జారిందా? ఆ సెక్షన్‌లోనే పైఅధికారి రాతపూర్వక అనుమతి ఉంటే మినహాయింపు. ఇంకో రెండు సెక్షన్లు దాటితే 59, అక్కడ ప్రభుత్వం ముందు అనుమతిస్తే తప్ప కేసే పెట్టరాదు. ఆ పేజీ లామినేట్ చేయించి జేబులో పెట్టుకోండి.

10. మాక్ డ్రిల్ ఎండ బాగా ఉన్న రోజు, పదిహేను రోజుల ముందు చెప్పి చేయండి. క్షతగాత్రుడు ఇడ్లీ తిన్నాకే స్ట్రెచర్ ఎక్కాలి. ఫోటోలో అందరూ పడాలి.

11. అన్నం ప్యాకెట్లు, షామియానా, డీజిల్ బిల్లులు ఆలస్యం కానివ్వకండి. ట్రెజరీవాళ్లు "అక్కడ ఇన్‌చార్జి ఎవరండీ, సంతకం కావాలె" అంటారు. అక్కడ మాత్రం వెనకాడకండి. ఇన్సిడెంట్ కమాండర్ అని రాసి, తేదీ వేసి, కింద స్టాంపు కొట్టండి.