ఎటు ఉరుకుతున్నవ్?

వారంవారీ పరుగు అంటే ఒక ఊరివాళ్లో ఒక బస్తీవాళ్లో వారానికో రోజు, ఒకే వేళకు, ఒకేచోట చేరి, ఐదు కిలోమీటర్లు ఉరికో నడిచో, బయలుదేరిన చోటికే తిరిగి రావడం. ఈ నిర్వచనంలో చిక్కంతా చివరి ముక్కలోనే ఉంది. బయలుదేరిన చోటికే తిరిగొచ్చేటప్పుడు బయలుదేరడం ఎందుకు? ఈ ప్రశ్నకు లండన్‌లో జవాబు దొరికి ఇరవయ్యేళ్లు దాటింది. నాగర్‌కర్నూల్ జిల్లా తెలకపల్లిలో ఇంకా దొరకలేదు. అక్కడ రోడ్డు పక్కన నాలుగడుగులు వడిగా వేసినవారిని వెనకనుంచి వచ్చే ప్రతి బండీ ఆపి అడిగేది ఒక్కటే: "ఎటు ఉరుకుతున్నవ్?"

ఈ పరుగు పుట్టింది 2004 అక్టోబర్ 2న, లండన్ శివార్లలోని టెడ్డింగ్టన్‌లో, బుషీ పార్కు అనే పెద్ద తోటలో. పుట్టించినవాడు పాల్ సింటన్-హ్యూయిట్. అప్పటికి ఆయన ఉద్యోగం పోయింది, కాలికి దెబ్బ తగిలి పరుగూ పోయింది. అలాంటి దశలో మన దగ్గర మనిషి టీకొట్టు బెంచీ మీద కూర్చుని పేపరు మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా చదువుతాడు. ఆయన మాత్రం స్నేహితులను శనివారం పొద్దున పిలిచి, మీరు ఉరకండి, నేను టైము చూస్తాను అన్నాడు. మొదటి రోజు వచ్చినవాళ్లు 13 మంది. ఎవరు ఎన్నోవాడో గుర్తుకు చేతిలో పెట్టినవి ఇనుప సామాన్ల కొట్టులో దొరికే వాషర్లు. అదే తర్వాత పార్క్‌రన్ అనే పేరుతో ఇరవై పైచిలుకు దేశాలకు పాకింది. ఆ తేదీ గాంధీ జయంతి కావడం కేవలం యాదృచ్ఛికం. గాంధీజీ కూడా చాలా దూరాలు నడిచారు గానీ, 1930లో ఎవరైనా ఎటు అని అడిగితే "దండికి, ఉప్పుకు" అని చెప్పగలిగారు. పార్క్‌రన్‌వాళ్లకు ఆ సదుపాయం లేదు.

పద్ధతి సులువు. రుసుము లేదు, గెలుపోటములు లేవు. ఒకసారి పేరు నమోదు చేసుకుంటే జీవితాంతం పనికొచ్చే బార్‌కోడ్ ఇస్తారు. చివర్లో దాన్ని చూపితేనే టైము లెక్కలోకి వస్తుంది, మరిచిపోతే ఆ పూట ఉరికింది ఉరకనట్టే. జరిపించేది మొత్తం వాలంటీర్లు. ఒకరు గడియారం పడతారు, ఒకరు టోకెన్లు పంచుతారు, ఒకరు బార్‌కోడ్ గీకుతారు, మలుపుల దగ్గర నిలబడేవాళ్లు చప్పట్లు కొడుతూ అటు అని చెయ్యి చూపుతారు. వీళ్లందరిలో గొప్ప కొలువు టెయిల్ వాకర్‌ది, అంటే తోకన నడిచే మనిషి. అందరికంటే చివర రావడమే ఆయన పని. దాంతో మోకాళ్లు పట్టుకుని, దమ్ము తీసుకుంటూ, దారిన మైలురాయి కనిపించినప్పుడల్లా దానిమీద కూర్చుంటూ వచ్చే మనిషి కూడా ఎన్నడూ ఆఖరివాడు కాడు.

హైదరాబాద్‌లో ఇలాంటి గుంపు పరుగులు కొత్త కాదు. హైదరాబాద్ రన్నర్స్ 2007 నుంచి ఉంది, ఆగస్టులో జరిగే మారథాన్ 2011లో మొదలైంది. ఆ ఊళ్లో ఉరికేవాళ్లకు బూట్లున్నాయి, గడియారాలున్నాయి, పేర్లు అచ్చేసిన బనియన్లున్నాయి. హుసేన్‌సాగర్ ఒడ్డున మనిషి పొద్దున్నే ప్రాణం పోయేలా ఉరికినా ఏమైంది నాయనా అని ఒక్కరూ అడగరు. నగరం గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

తెలకపల్లి మండల కేంద్రం. 2016 అక్టోబర్ 11న నాగర్‌కర్నూల్ జిల్లా ఏర్పడే వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో, అంటే పాలమూరులో ఉండేది. ఇలాంటిచోట వారంవారీ పరుగు పెట్టాలంటే మొదట తేల్చుకోవాల్సింది స్థలం. 2022లో రాష్ట్రమంతటా ఊరికొక క్రీడా ప్రాంగణం అన్నారు కాబట్టి మైదానానికి కొదవ ఉండకూడదు. అయితే ఎకరం నేల చుట్టూ ఒక చుట్టు 250 మీటర్లు. ఐదు కిలోమీటర్లకు ఇరవై చుట్లు. చిలుకూరు బాలాజీ గుడిలో నూట ఎనిమిది ప్రదక్షిణాలకు అలవాటుపడ్డ జనం, ఖాళీ మైదానం చుట్టూ ఇరవైసార్లు తిరిగే మనిషిని చూసి మధ్యలో ఏ దేవుడున్నాడా అని వెతుకుతారు. రెండో వారానికి అక్కడో రాయికి పసుపు కుంకుమలు పడినా ఆశ్చర్యం లేదు.

కాబట్టి పరుగు రోడ్డెక్కుతుంది. వానకాలం కోతలప్పుడు రోడ్డుకు ఒక పక్క మక్కలు, ఇంకో పక్క వడ్లు ఆరబోసి ఉంటాయి. వాటి అంచులకు రాళ్లు పేర్చి ఉంటాయి. మిగిలిన నడుమ భాగంలో బస్సు, లారీ, ట్రాక్టరు, పత్తి ఏరే కూలీలతో కిక్కిరిసిన ఆటో, బర్రెలు, ఆపైన స్థలం మిగిలితే ఆరోగ్యం కోరుకునేవారు. కుక్కలు ఎప్పుడూ ఉంటాయి. నడిచే మనిషిని ఏ కుక్కా పట్టించుకోదు. ఉరికే మనిషిని దొంగ కింద లెక్కేస్తుంది. ఈ విషయంలో ఊరి కుక్కలకూ ఊరి మనుషులకూ ఏకాభిప్రాయం ఉంది.

ఇక లిఫ్ట్ సంగతి. పరుగుకు సంబంధించిన గ్రంథాల్లో మోకాలి నొప్పి గురించి, నీళ్లు తాగడం గురించి, బూట్ల అడుగు గురించి అధ్యాయాలకు అధ్యాయాలు ఉంటాయి. లిఫ్ట్ గురించి ఒక్క పేరా ఉండదు. పాలమూరు రోడ్ల మీద పరుగుకు అసలు శత్రువు అదే. అది నాలుగు రకాలు.

మొదటిది బైకు. వెనకనుంచి వచ్చి పక్కన ఆగుతుంది. "ఎటు వోతున్నవ్ సారూ? ఎక్కు, దింపుత." ఊరికే నడుస్తున్నానని జవాబిస్తే అది జవాబు కింద చెల్లదు. ఊరికే ఎవరూ నడవరు. "ఏం గాదు, ఎక్కు" అని రెండోసారి అంటాడు. అంటే, నీ మొహమాటం నాకు తెలుసులే అని. మూడోసారి కాదంటే మొహం ముడుచుకుంటుంది: "నా బండి ఎక్కుతె నామూషా?" అసలు ఎటని గట్టిగా అడిగితే, మళ్లీ ఇక్కడికే అని నిజం చెప్పక తప్పదు. "మళ్ల ఈడికే వచ్చేటట్టయితే పోవుడెందుకు?" అంటాడు. తర్కశాస్త్రంలో దీనికి ఖండన లేదు. అయినా వదిలి వెళ్లడు. ఫస్టు గేరులో పక్కపక్కనే నడిపిస్తూ పిల్లలేం చదువుతున్నారు, బోరు పడ్డదా, పత్తి ఎన్నెకరాలు పెట్టినవ్ అని అడుగుతూ వస్తాడు. దమ్ము ఆడని మనిషి ఆ ప్రశ్నలన్నింటికీ జవాబులు చెప్పాలి. దీనికంటే ఎక్కడమే మేలని ఎక్కితే, చేతి గడియారం ఆ కిలోమీటరును నిమిషంన్నరలో పూర్తయినట్టు రాసుకుని, జీవితంలోనే అత్యుత్తమ వేగమని అభినందనలు తెలుపుతుంది.

రెండోది ఆటో. ఇందులో డ్రైవరు ఒక్కడే కాదు, లోపలున్న పదిమందీ పిలుస్తారు. స్థలం లేదని స్పష్టంగా కనిపిస్తున్నా, జరగండ్రి జరగండ్రి అంటూ ఒక జానెడు చేస్తారు. మూడోది ట్రాక్టరు. దాని చప్పుడుకు మాట వినపడదు కాబట్టి చేయి ఊపి రమ్మంటారు. కాదని చేయి ఊపితే ఆపమన్నాడనుకుని ఆపుతారు.

నాలుగోది ఆర్టీసీ బస్సు. స్టాపు కానిచోట మనిషి ఉరుకుతుంటే బస్సుకోసమేనని డ్రైవరుకు సహజంగానే అనిపిస్తుంది. ఎన్నడూ చెయ్యెత్తినా ఆగని బస్సు, ఉరికే మనిషి కోసం ఆ ఒక్కనాడు ఆగుతుంది. లోపలివాళ్లంతా కిటికీలోంచి తలలు బయటపెట్టి చూస్తారు. ఎక్కనని చెబితే కండక్టరు నోట వచ్చేది అచ్చుకు నోచుకోదు. ఆడవాళ్ల పరిస్థితి మరీ ఇరకాటం. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో చార్జీ లేదు, జీరో టికెట్ కొడతారు. పైసా ఖర్చు లేకుండా కూర్చుని పోయే దారి ఉండగా ఉరుకుతున్న ఆడమనిషికి ఇంట్లో కొట్లాటైనా అయ్యుండాలి, పుట్టింట్లో ఎవరికైనా బాగాలేకనైనా ఉండాలి. బస్సులోని సగంమంది ఆ వివరాలు తేల్చుకునేదాకా బస్సు కదలదు.

లిఫ్ట్ తర్వాత వచ్చేది రోగనిర్ధారణ. వారానికి ఒకసారి నడిచేవారిని "బరువు తగ్గనీకేనా?" అంటారు. వరసగా రెండు వారాలు కనిపిస్తే గొంతు తగ్గించి "షుగరా?" అంటారు. ఈ ప్రాంతంలో పనిలేని నడకకు అంగీకారం ఇవ్వగల అధికారి డాక్టరు ఒక్కడే. చీటీ మీద రాసిస్తే ఎంత దూరమైనా నడవవచ్చు. లేదంటే ఆరోగ్యంగా ఉన్నవాడు నడవడమేమిటి? కాదు, షుగర్ లేదని చెప్పడం వల్ల ఉపయోగం ఉండదు, దాచుకుంటున్నాడని జాలి పెరుగుతుంది. సాయంత్రానికి ఆ మనిషి ఇంటికి మెంతులు, నేరేడు గింజల పొడి, ఒక కేజీ కాకరకాయలు చేరతాయి. చేదు ఎక్కువైతే మంచిదన్న సలహా ఉచితం. నెలరోజులు వారంవారీ పరుగుకు వెళ్లినవారి తొలి ఫలితం ఆరోగ్యం పెరగడం కాదు, పెళ్లిళ్లలో విస్తరి ముందు కూర్చున్నప్పుడు లడ్డూ వడ్డించేవాడు చూసీచూడనట్టు పక్కకు దాటిపోవడం.

బార్‌కోడ్ పద్ధతికీ ఇక్కడ చిన్న సవరణ అవసరం. టీకొట్టు దగ్గర, కూరగాయల బండి దగ్గర, గుడి హుండీ పక్కన కూడా గళ్ల బొమ్మ వేలాడే రోజుల్లో, చెమటలు కక్కుతూ వచ్చి ఫోనులో కోడ్ చూపిస్తూ నిలబడ్డ మనిషి చందా అడుగుతున్నాడనే ఎవరైనా అనుకుంటారు. సహృదయులు పది రూపాయలు కొట్టడానికి ఫోను తీస్తారు. వాషర్లే నయం.

ఎటు అని ఎవరూ అడగని పరుగు ఈ ఊళ్లలో ఒకటుంది. తెల్లవారకముందు, బండ్లు ఇంకా రోడ్డెక్కకముందు, చెప్పులు చేతపట్టుకుని కొందరు, చిరిగిన బూట్లతో కొందరు పిల్లలు ఉరుకుతుంటారు. వాళ్లు కానిస్టేబుల్ పరీక్షకు తయారయ్యేవాళ్లు. 2022 పోలీసు నియామకాల్లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో అని పెట్టారు. ఈ పరుగులో గడియారం పట్టే వాలంటీరు ఉంటాడు, అతనిదీ అదే పరీక్ష. చప్పట్లు కొట్టేవాళ్లు ఉండరు. బయలుదేరిన చోటికి తిరిగి రాకూడదనేదే దీని ఉద్దేశం. ఉద్యోగం వచ్చినవాడు ఆ నెలలోనే ఉరకడం మానేస్తాడు. రానివాడు వయసు దాటాక మానేస్తాడు. ఐదేళ్ల తర్వాత ఇద్దరికీ ఒకే కొలత పొట్ట వస్తుంది. అప్పుడు ఇద్దరినీ వారంవారీ పరుగుకు పిలవవచ్చు, ఇద్దరూ రారు.

ఒకే వేళకు ఒకేచోట గుంపుగా చేరి బయలుదేరడం ఈ నేలకు లండన్ నేర్పాల్సిన విద్య కాదు. పాలమూరు లేబర్ అనే మాట దేశంలో కాలువలు తవ్వినచోటల్లా, కట్టలు కట్టినచోటల్లా తెలుసు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి, పేర్లు రాసుకుని, చీకటితోనే గుంపును కదిలించేవాడు. ముసలివాళ్లు, చంటిపిల్లలు ఇంటి దగ్గర ఉండేవాళ్లు. ఆ గుంపులకు తోకన నడిచే మనిషి లేడు. వెనకబడ్డవాడు ఎక్కడ ఆగిపోయాడో, అసలు ఉన్నాడో లేడో ఏ సంతలోనో ఎవరో చెబితే ఊరికి తెలిసేది. అలాంటి ఊళ్లో పొద్దున్నే వడివడిగా పోతున్న మనిషిని ఎటు అని అడగడం ఆరా తీయడం కాదు, లెక్క చూసుకోవడం. ఎక్కు, దింపుత అనే మాట కూడా మొదట బస్టాండు దాకా సాగనంపడానికి పుట్టిందే కావచ్చు. మళ్ల ఈడికే వచ్చేటట్టయితే పోవుడెందుకు అని నవ్వేవాడి ఇంట్లో, మళ్లీ ఇక్కడికే వస్తానని చెప్పి పోయినవాడి ఫోటో ఒకటి గోడకు ఉంటుంది.

తిరిగొచ్చే నడక కూడా ఈ జిల్లాకు తెలియనిది కాదు. నల్లమలలో సలేశ్వరం జాతర చైత్ర పౌర్ణమికి. కొండలు దిగి, లోయలో రాళ్ల మీదుగా గుండం దాకా జనం నడిచే ఆ దారిలో రిజిస్ట్రేషన్ లేదు, టైము రాసుకునేవాళ్లు లేరు. పూజారులు చెంచులు. వెళ్లేవాళ్లు వస్తున్నామనీ, తిరిగేవాళ్లు పోతున్నామనీ అక్కడి దేవుడు లింగమయ్యకు చెప్పుకుంటూ నడుస్తారు. ఎటు అన్న ప్రశ్నకు ముందుగానే, అడగకుండానే జవాబు చెప్పేయడం అన్నమాట. తెలకపల్లి రోడ్డు మీద ఉరికేవారికి పనికొచ్చే పద్ధతి ఇదే. బండి దగ్గరికి రాకముందే "మళ్ల ఈడికే వస్త, ఏడికి వోను" అని గట్టిగా అరుస్తూ ఉరకాలి.

ఇక మిగిలింది వాలంటీర్ల నియామకం. గడియారం పట్టడానికి కానిస్టేబుల్ పరీక్ష రాసే పిల్లలున్నారు. మలుపుల దగ్గర నిలబడడానికి మక్కలకు కాపలా కాసే ముసలివాళ్లున్నారు, ఎలాగూ అటు ఇటు అని చెయ్యి చూపుతూనే ఉంటారు. టెయిల్ వాకర్ కొలువుకు కూడా మనిషిని వెతకనక్కరలేదు. అందరికంటే వెనక, ఫస్టు గేరులో, ఎవరినీ వదిలిపెట్టకుండా, బోరు పడ్డదా అని అడుగుతూ వచ్చేవాడు ఉండనే ఉన్నాడు. వీపు మీద మెరిసే పసుపుపచ్చ బనియను ఒకటి తొడిగితే సరిపోతుంది.