పొద్దున ఏం తిన్నాడు?

నేను స్టీలు బల్లని. గోదావరి ఒడ్డున ఒక పట్టణంలో, పశువుల ఆసుపత్రిలో, కుక్కల్నీ పిల్లుల్నీ నిలబెట్టి చూసేది నా మీదే. గేదెలకూ ఆవులకూ బయట వేపచెట్టు కింద ఇనప గొట్టాల ట్రెవిస్, అంటే పశువును కదలకుండా నిలబెట్టే చట్రం, ఉంది. ఒకప్పుడు ఇక్కడ పనంతా దానిదే. ఊళ్లో అపార్ట్‌మెంట్లు లేచి, మూడో అంతస్తులో లాబ్రడార్లూ వంటింట్లో పర్షియన్ పిల్లులూ మొదలయ్యాక నన్ను చేయించారు.

నా మీదికి ఎక్కిన ప్రాణి ఏదైనా ముందు వణుకుతుంది. కాళ్ల కింద జారుడు, చల్లదనం, చుట్టూ మందుల వాసన. అందుకే మా కాంపౌండరు గోనెపట్టా పరిచి గాని ఎక్కించడు. డాక్టరమ్మగారు వెంటనే సూది తియ్యరు. ఎదురుగా ఉన్న మనిషిని అడుగుతారు: "పొద్దున ఏం తిన్నాడు? నీళ్లు తాగాడా? మూత్రం ఎప్పుడు పోశాడు? విరేచనం ఎలా ఉంది?"

సగం వైద్యం ఆ జవాబుల్లోనే ఉంటుంది. నా మీద ఉన్నది నోరు విప్పి చెప్పలేదు కదా. కొందరు భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "పనమ్మాయి పెడుతుందండీ, ఆవిణ్ణి అడగాలి" అంటారు. వాళ్లకు ప్రేమ లేదని నేననను. కళ్లలో నీళ్లు పెట్టుకునే వస్తారు. కానీ ఆ జవాబు కోసం ఫోను చేసేలోపు పోయేది నా మీద ఉన్న ప్రాణి సమయం.

ఒకసారి ఒక ముసలావిడ కూరగాయల బుట్టలో గండుపిల్లిని పెట్టి, పైన పాత చీర కట్టి తెచ్చింది. అడక్కముందే చెప్పింది: "నిన్న సాయంత్రం నించీ ఇసకలో కూచుంటన్నాడమ్మా, చుక్క పడట్లేదు. కూచున్నప్పుడల్లా అరుస్తన్నాడు." డాక్టరమ్మగారు పొత్తికడుపు మీద చెయ్యి వేశారు. మూత్రసంచి నిమ్మకాయలా గట్టిపడి ఉంది. గండుపిల్లికి మూత్రనాళం సన్నం. రాళ్లపొడో జిగురో అడ్డుపడితే మూత్రం లోపలే నిలిచిపోతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, ఒకటి రెండు రోజుల్లో గుండె ఆగిపోవచ్చు. మత్తిచ్చి సన్నటి గొట్టం ఎక్కించారు. నెత్తురు కలిసిన మూత్రం నా మీదుగా పారింది. అంత మంచి పారుదల నేను అరుదుగా చూశాను. చాలా ఇళ్లలో ఇలా ఇసకలో కూచోడాన్ని మలబద్ధకం అనుకుని ఆముదం పట్టించి ఇంకో రోజు చూస్తారు. ఆవిడ అనుకోలేదు, ఎందుకంటే ఆ ఇసక రోజూ ఎత్తేది ఆవిడే. ఎన్ని ఉండలు ఉండాలో ఆవిడ చేతికి తెలుసు.

నా బాధంతా తెలిసీ తెలియని వైద్యం గురించే. పిల్లికి ఒళ్లు కాలుతోందని పారాసిటమాల్ మాత్ర అరగదీసి పోస్తారు. మనిషి కాలేయం ఆ మందును విరిచి బయటకు పంపుతుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి లేదు. కొన్ని గంటల్లో నెత్తురు ప్రాణవాయువును మొయ్యలేని స్థితికి వస్తుంది, చిగుళ్లు గోధుమరంగుకు తిరుగుతాయి. ఒక్క మాత్ర చాలు. అలా వచ్చినవాటిలో అన్నీ నా మీంచి లేచి వెళ్లలేదు. కుక్కల గోమార్లకు మెడ మీద వేసే పెర్మెత్రిన్ చుక్కల మందూ పిల్లికి అంతే విషం. ఇంట్లో రెండూ ఉన్నవాళ్లు ఈ మాట గోడ మీద రాసుకోవాలని నా కోరిక.

కుక్కపిల్లల సంగతి వేరు. "ఒక టీకా వేయించామండీ, చాలదా?" అని అడుగుతారు, అప్పటికే అది నెత్తురు విరేచనాలతో మెడ వాల్చేసి ఉంటుంది. పార్వో వైరస్ జబ్బు. తల్లి పాల నుంచి వచ్చిన రక్షణ కొన్ని వారాలు పిల్లలో ఉంటుంది, ఆ ఉన్నన్నాళ్లూ టీకాను పనిచెయ్యనివ్వదు. అది ఏ వారంలో తరుగుతుందో పైకి కనపడదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు దాటేదాకా వెయ్యాలి. ఆ క్రిమి నేల మీద నెలల తరబడి బతుకుతుంది. పార్వో పిల్లను దింపిన ప్రతిసారీ నన్ను బ్లీచింగ్ నీళ్లతో కడిగి, కాసేపు అలాగే వదిలేస్తారు. పిల్ల చనిపోయిన ఇంట్లో ఆ వారంలోనే ఇంకో పిల్లను తెచ్చుకునేవాళ్లకు ఇది ఎవరైనా ముందే చెప్పాలి.

తిండి గురించి ఇక్కడ రోజూ ఒకే సంభాషణ. "మేం శాకాహారులమండీ, పెరుగన్నమే పెడతాం." కుక్క ఒక లెక్క ప్రకారం గుడ్లు, పప్పులు కలిపి పెడితే నెట్టుకురాగలదు, పిల్లి నెట్టుకురాలేదు. మాంసంలో, చేపలో ఉండే టౌరిన్ అందకపోతే దాని కళ్లూ గుండే దెబ్బతింటాయి. పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు, గిన్నెడు నీళ్లే మేలు. ఆదివారం బిర్యానీ మిగిలిందని కుక్కకు పెడితే, ఉడికిన కోడి ఎముక చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది. అందులోని ఉల్లిపాయ, ఉడికినా సరే, ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. సోమవారాలు నాకు తీరిక ఉండదు.

మే నెలలో మధ్యాహ్నం తెచ్చేవి నాలుక వేలాడేసి వస్తాయి. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్. మనుషుల్లా ఒళ్లంతా చెమట పట్టదు దానికి. రొప్పడమే దాని చల్లదనం, కోస్తా ఉక్కలో అదీ సరిగా పనిచెయ్యదు. 106 దాటితే లోపలి అవయవాలు చెడతాయి. డాబా మీద రేకు నీడన గొలుసుతో కట్టేసిన కుక్కను, నీడ కదిలిపోయిందని ఎవరూ చూడక, ఇలా మోసుకొస్తారు. ఐసు వద్దు, మామూలు నీళ్లతో తడిపి, ఫ్యాను గాలి తగలనిస్తూ తీసుకురమ్మంటారు డాక్టరమ్మగారు.

ఏటా జూలై 6న ఆవరణ నిండిపోతుంది. 1885లో ఆ రోజే పారిస్‌లో పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన పిల్లవాడికి టీకా మొదలుపెట్టాడు. ఆ గుర్తుగా పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. మూడు నెలలు నిండాక మొదటిది, ఆపైన డాక్టరు చెప్పిన తేదీకి బూస్టరు, తర్వాత ఏటేటా. ఇంటి కుక్కే కదా గీరింది అని ఊరుకోకూడదు. సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బుకు మందు లేదు.

నాకు ఇష్టమైనవాళ్లు ఏ జబ్బూ లేకుండా వచ్చేవాళ్లు. వీధిలో దొరికిన గోధుమరంగు ఆడకుక్క ఒకటి నెలనెలా బరువు చూపించుకోడానికి వస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ నా పక్క గదిలోనే అయింది. దానివల్ల పెద్ద వయసులో గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం కూడా తప్పింది. దాన్ని పెంచుకునేవాళ్ల అబ్బాయి రోజూ రాత్రి దాని చెవుల వెనకా, వేళ్ల సందుల్లోనూ చెయ్యి పెట్టి గోమార్లు వెతుకుతాడట. ఇక్కడికి వచ్చాక ఎవరూ ఎత్తనక్కర్లేదు, తనే నా మీదికి దూకుతుంది. మొన్న ఒకటిన్నర కిలో పెరిగింది. "సాయంత్రం ఏం పెడుతున్నారు?" అన్నారు డాక్టరమ్మగారు. "రెండు రస్కులండీ, తాతయ్య టీ తాగేటప్పుడు" అన్నాడు అబ్బాయి, తడుముకోకుండా. ఒకటి తగ్గించమన్నారు. వాడు నోట్‌బుక్కులో రాసుకుంటుంటే, అది అప్పటికే పట్టీ లాగుతూ గుమ్మం వైపు బయల్దేరింది.